పేకాటతో బతకవచ్చా: నిర్ణయానికి ముందు వేసుకోవలసిన లెక్క

ఇంజనీరింగ్ చదివి, నెలనెలా జీతం అందుకుంటున్న కుర్రవాడు ఒకరోజు ఇంటికి వచ్చి, ఉద్యోగం మానేసి పేకముక్కల మీద బతుకుతానని చెప్పినప్పుడు, ఆ ఇంట్లో జరిగే మాటలు సాధారణంగా ఎటూ తేలవు. తల్లిదండ్రులు జూదం పాపమంటారు, ధర్మరాజు ఏమయ్యాడో గుర్తు చేస్తారు. అతడు ఏడాదిగా తాను గెలిచిన మొత్తాల పట్టిక చూపించి, ఇది అదృష్టం కాదు, నేర్పు అంటాడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది గాని, ఇద్దరూ అసలు ప్రశ్న దాకా రారు. ఈ వృత్తిలో వచ్చే ప్రతి రూపాయీ ఎవరి జేబులోంచి వస్తోంది, దానికి బదులుగా ఆ మనిషికి ఏమి ముడుతోంది అన్నదే ఆ ప్రశ్న. దానికి ఎవరికి వారు జవాబు వెతుక్కునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. చదువుకునే రోజుల్లో గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణంలో, ఒక రిక్రియేషన్ క్లబ్బులో రెండేళ్లపాటు సాయంత్రాలు లెక్కలు రాశాను. నేను చెప్పేదానిలో ముఖ్యభాగం ఆ బల్ల పక్కన కూర్చుని చూసినదే.

ముందు చట్టం సంగతి తేల్చుకోండి

న్యాయాన్యాయాల విచారణకు చట్టం ముగింపు కాదు, కాని మొదలు అక్కడే పెట్టాలి. రమ్మీ నేర్పుతో కూడిన ఆట అని వాదించేవారంతా ఆధారంగా చూపేది మన ప్రాంతపు కేసునే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద 1963లో పోలీసులు చేసిన దాడి నుంచి పుట్టిన వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు 1967లో, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకోవడానికి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడానికి గణనీయమైన నేర్పు కావాలని చెప్పింది. అదే తీర్పులో, ఆట పెట్టినవారు దానినుంచి లాభం గడిస్తున్నట్టు రుజువైతే నేరం కావచ్చునని కూడా ఉంది. మొదటి మాటను అందరూ చెబుతారు, రెండవ మాటను చాలామంది చెప్పరు.

ఆ తరువాత పరిస్థితి చాలా మారింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నేర్పా అదృష్టమా అన్న తేడానే పక్కనపెట్టి, ఆన్‌లైన్ డబ్బు ఆటలను నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ఆ చట్టం ఆటగాడిని నేరస్థుడిగా చూడదు. అయినా, తన జీవనాధారం మరొకరు నేరం చేస్తేనే నడుస్తుందని తెలిసినవాడు దానిని వృత్తి అని పిలవడానికి వెనుకాడాలని నా అభిప్రాయం. ఇతరుల పేరు మీద తీసిన ఖాతాలతో, విదేశీ వెబ్‌సైట్లలో దొంగదారిన ఆడేవారికి ఈ వ్యాసంలోని తరువాతి భాగాలతో పని లేదు, వారి ప్రశ్నకు జవాబు ఇక్కడే తేలిపోయింది.

చట్టం అనుమతించే చోట్ల ఉన్నవారికి, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మనవాళ్లకు, ఒక పాత కేసు చెబుతాను. రాబర్ట్ గ్రోట్జింగర్ అనే వ్యక్తి 1978లో వారానికి 60 నుంచి 80 గంటలు కుక్కల పందేల మీద కష్టపడ్డాడు. మరో ఉద్యోగం లేదు. ఆ ఏడాది 72,032 డాలర్లు ఒడ్డి 70,000 డాలర్లు రాబట్టాడు, అంటే 2,032 డాలర్లు పోగొట్టుకున్నాడు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు అతడు చేసినది పన్ను లెక్కల దృష్టిలో వ్యాపారమేనని తీర్పు ఇచ్చింది. శ్రమా, నిజాయతీ, క్రమశిక్షణా ఉంటే ఏ పని అయినా వృత్తి అవుతుందన్న వాదనకు ఇంతకు మించిన ఆధారం దొరకదు. కాని అన్ని గంటల శ్రమ వల్ల మరొకరికి ఏమి సమకూరిందో ఆ తీర్పు చెప్పదు, చెప్పవలసిన అవసరమూ దానికి లేదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి.

కాగితం మీద ఒక్క సాయంత్రం లెక్క వేయండి

తెల్లకాగితం తీసుకుని ఆరుగురు కూర్చున్న బల్లను ఊహించుకోండి. సులువు కోసం ప్రతి పంపకానికి మనిషికి వంద రూపాయల చొప్పున ఆరు వందలు మధ్యలో పడతాయని, అందులో ఆట పెట్టినవాడు 60 రూపాయలు తీసుకుంటాడని, సాయంత్రానికి ముప్ఫై పంపకాలు జరుగుతాయని అనుకుందాం. ఇవి నేను ఊహించిన అంకెలే, మీ బల్లకు తగిన అంకెలు మీరు వేసుకోవచ్చు. ఆట పెట్టినవాడి వాటా అన్నది కొత్త విషయమేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే జూదశాల అధ్యక్షుడు గెలిచిన సొమ్ములో నూటికి అయిదు వంతులు తీసుకోవాలని ఉంది.

ఆరుగురూ సమానమైన నేర్పు గలవారైతే, కొంతకాలానికి గెలుపోటములు సర్దుకుని, ప్రతి పంపకానికీ ఒక్కొక్కరు పది రూపాయలు నష్టపోతారు. సాయంత్రానికి మనిషికి మూడు వందలు, మొత్తం 1,800 రూపాయలు ఆట పెట్టినవాడికి చేరతాయి. అంటే సమానుల మధ్య ఆటలో ఎవరికీ జీతం లేదు, అందరికీ ఖర్చే. ఇప్పుడు ఆ ఆరుగురిలో ఒకడు ఆటతోనే బతకదలచి, సాయంత్రానికి సగటున 1,500 రూపాయలు ఇంటికి తీసుకువెళ్లాలనుకుంటే, తక్కిన ఐదుగురూ కలిసి అతని 1,500, ఆట పెట్టినవాడి 1,800 మొత్తం భరించాలి. ఒక్కొక్కరికి సాయంత్రానికి 660 రూపాయలు. నెలకు ఇరవై అయిదు సాయంత్రాలు ఆడితే, ఐదు ఇళ్లనుంచి 82,500 రూపాయలు బయటికి వస్తే, వృత్తి ఆటగాడి ఇంటికి చేరేది 37,500 మాత్రమే. దాని మీద పన్ను వేరు. మన దేశంలో పేకాట గెలుపు మీద 30 శాతం పన్ను ఉంది, గెలిచిన సొమ్ములోంచి ఖర్చులు తీసివేయనివ్వరు. బల్లల దగ్గర ఆడే ఆటలో ఓడిన రోజుల నష్టాన్ని గెలిచిన రోజుల లాభంలో కలిపి చూపే వీలు కూడా లేదు.

ఈ కాగితాన్ని పారేయకుండా దగ్గర ఉంచుకోండి, ఎందుకంటే ఇందులోనే వృత్తి అంతా ఉంది. సమానులతో ఆడితే జీతం రాదు గనుక, బతకాలంటే బల్ల దగ్గర తనకన్నా బాగా తక్కువ నేర్పు గలవారు ఉండి తీరాలి. ఒక్కరోజు కాదు, ప్రతిరోజూ, ఓడిపోతూ కూడా తిరిగి వస్తూ ఉండాలి. నేర్పు ఎంత గొప్పదన్న ప్రశ్న కన్నా, ఓడినవాడు రేపు మళ్లీ ఎందుకు వస్తాడన్న ప్రశ్న ముఖ్యమైనది.

ఎదుట కూర్చున్న మనిషిని గమనించండి

నేను లెక్కలు రాసిన క్లబ్బులో ముగ్గురు మంచి ఆటగాళ్లు ఉండేవారు. ముగ్గురూ మర్యాదస్థులు. ముక్క దాచడం, సైగలు చేసుకోవడం వంటివి ఎన్నడూ చేయలేదు. చేతి ముక్కలు బాగా లేకపోతే మొదటి వరుసలోనే డ్రాప్ అయి, అంటే ఆ ఆట వదులుకుని, ఇరవై పాయింట్ల నష్టంతో బయటపడేవారే గాని, ఆశతో కూర్చుని ఎనభై పాయింట్ల పూర్తి నష్టం, ఫుల్ కౌంట్, ఇచ్చుకునేవారు కాదు. సాయంత్రం ఆరు గంటలకు వచ్చి, చెప్పులు విడిచి, బల్ల వైపు చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట ఒకటే: "బాబూ, కొట్టాయన వస్తున్నాడా ఇవాళ?"

కొట్టాయన అంటే ఎరువుల దుకాణం యజమాని. యాభై ఏళ్ల మనిషి, చేతివేళ్లకు ఎప్పుడూ ఎరువుల వాసన ఉండేది. ఆట తెలియనివాడు కాదు, కాని డ్రాప్ కావడం అవమానమనుకునేవాడు. జోకరు లేకుండా కుదరవలసిన వరుస, ప్యూర్ సీక్వెన్స్, కుదరకపోయినా జోకరు వస్తుందని ఎదురుచూస్తూ ముక్క ఎత్తుతూనే ఉండేవాడు. ఆయన వస్తున్నాడని చెబితే ముగ్గురూ కూర్చునేవారు. రావడం లేదని చెబితే కాసేపు పేపరు చదివి, టీ తాగి వెళ్లిపోయేవారు. ఆ ముగ్గురూ తమలో తాము ఆడుకోవడం రెండేళ్లలో నేను చూడలేదు. ఖరీఫ్ కోతల తరువాత దుకాణంలో అప్పులు వసూలయ్యే రోజుల్లో ఆయన పేరు ఎదుట నా పుస్తకంలో పెద్ద అంకెలు పడేవి. తరువాత చేబదుళ్లు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఆయన చేతి గడియారం విప్పి నా బల్ల మీద పెట్టి, రేపు విడిపించుకుంటానన్నాడు. ఆ రాత్రి నేనూ దానిని లోపల పెట్టి టోకెన్లు ఇచ్చాను. ఆ పని ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

నేను నేర్చుకున్న పరీక్ష ఆ ముగ్గురూ వేసిన ప్రశ్నలోనే ఉంది. మీరు ఆటకు వెళ్లేముందు, ఎవరు వస్తున్నారో తెలుసుకోవాలని మీకు అనిపిస్తున్నదా? ఫలానా మనిషి ఉంటేనే ఆట లాభమని మీరు ఎంచుకుంటున్నారా? పోకర్ అనే పేకాట ఆడేవారిలో అటువంటి మనిషిని చేప అని పిలుస్తారు, బల్ల ఎంచుకోవడాన్ని ఒక విద్యగా నేర్పుతారు. లెక్కప్రకారం ఆ విద్య సరైనదే. కాని ఎదుటి మనిషిని చేప అని పిలవవలసి వచ్చిన చోట, ఆట ఇద్దరు సమానుల మధ్య జరుగుతున్నదన్న మాట నిలవదు.

అందువల్ల మీకు క్రమం తప్పకుండా డబ్బు ఇచ్చే ప్రతి మనిషి గురించీ మూడు సంగతులు తెలుసుకునే ప్రయత్నం చేయండి. తాను మీకన్నా తక్కువ నేర్పు గలవాడినని, ఈ బల్ల దగ్గర ఏడాది కూర్చుంటే ఏడాదంతా నష్టపోతానని అతనికి తెలుసా? అతడు పోగొట్టుకునేది సరదాకు పెట్టుకున్న సొమ్మా, లేక దుకాణం పెట్టుబడా, పిల్లల ఫీజా? మానుకోవాలనుకున్న రోజున మానుకోగలడా? ఈ మూడింటిలో చివరిదే అన్నిటికన్నా బరువైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూదపు వ్యసనాన్ని తన వ్యాధుల వర్గీకరణలో రుగ్మతగా చేర్చింది. ఓడిన సొమ్మును మళ్లీ ఆడి రాబట్టుకోవాలన్న తహతహ, ఇంట్లో దాచడం, అప్పులు, ఆటను తగ్గించుకోలేకపోవడం దాని గుర్తులు. అటువంటివాడు ఇష్టపడే కూర్చున్నాడు కదా అనడం, తూలుతున్నవాడి చేత సంతకం పెట్టించుకుని అతని అంగీకారంతోనే జరిగింది అనడం వంటిదే.

ఎదుట మనిషి ఉండకుండా క్యాసినో ఉంటే సంగతి వేరు కాదా అని అడుగుతారు. కొంత వేరే. ఎడ్వర్డ్ థార్ప్ అనే గణితశాస్త్రవేత్త 1960లలో బ్లాక్‌జాక్ అనే పేకాటలో పడిన ముక్కలను లెక్కపెట్టి క్యాసినోను ఓడించవచ్చునని నిరూపించినప్పుడు, అతడు తీసుకున్నది లెక్క బాగా తెలిసిన వ్యాపారి సొమ్ము. అక్కడ మోసపోయినవాడు లేడు. కాని క్యాసినోలు వెంటనే జాగ్రత్తపడ్డాయి, గెలిచేవారిని గుర్తుపట్టి ఆడనివ్వడం మానేశాయి. గుర్రప్పందేలలో, తీసుకున్నది వ్యాపారి సొమ్మే అనుకునే వెసులుబాటు కూడా లేదు. 1980లలో మొదలుపెట్టి హాంకాంగ్‌లో బిల్ బెంటర్ అనే పందెగాడు కంప్యూటర్ లెక్కలతో గుర్రాలను అంచనా వేసి అపారమైన ధనం సంపాదించాడు. అక్కడి పద్ధతిలో పందెం కాసిన వారందరి సొమ్మూ ఒకచోట చేరి, నిర్వాహకుల వాటా పోగా గెలిచినవారికి పంచుతారు గనుక, అతనికి చేరినది తోటి పందెగాళ్ల సొమ్మే. ఆ తోటివారి ముఖాలు అతనికి కనిపించవు, అంతే తేడా.

సమాజానికి మేలు అన్న వాదనలను ఒక్కొక్కటిగా తూచండి

వృత్తి ఆటగాళ్లు తమ పనివల్ల నలుగురికి మేలు ఉందని చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని తేలికగా కొట్టివేయకూడదు. సినిమాకు వెళ్లినవాడు కూడా వినోదానికి డబ్బు ఖర్చు చేస్తాడు, మా బల్ల దగ్గర కూర్చున్నవాడూ అంతే అంటారు. కాని సినిమా తీసినవాడు లేకపోతే ఆ వినోదం లేదు. వృత్తి ఆటగాడు లేకపోతే తక్కినవారి ఆట ఆగదు సరికదా, అదే డబ్బుతో ఇంకా ఎక్కువ రోజులు ఆడుకోగలుగుతారు. పెళ్లి ఇళ్లలో తెల్లవార్లూ నడిచే పేకాటలో ఉన్న సంతోషం ఎవరి జీతానికీ ముడిపడి లేదు. ఆట నేర్పేవారు, ప్రేక్షకులు చూసే పోటీలలో ఆడేవారు, ఆట గురించి రాసేవారు మాత్రం ఈ విమర్శకు బయట ఉంటారు, ఎందుకంటే వారు ఇచ్చేది ఒకటి ఉంది, పుచ్చుకునేవారు తెలిసి పుచ్చుకుంటున్నారు.

పన్ను కడుతున్నాం కదా అన్నది ఇంకొక మాట. ఒకరి జేబులోంచి మరొకరి జేబులోకి మారిన సొమ్ము మీద కట్టిన పన్ను ఖజానాకు చేరుతుంది, నిజమే. కాని ఎరువుల దుకాణంలో తిరగవలసిన పెట్టుబడి ఆ బల్ల మీద పోయినప్పుడు, దానితో జరగవలసిన అమ్మకాలు, వాటి మీద రావలసిన పన్నులు, రైతులకు దొరకవలసిన అరువు అన్నీ ఆగిపోయాయి. ఆ లెక్క ఏ రశీదులోనూ కనిపించదు.

దానం మాట కొంచెం బలమైనది. 2014లో లివ్ బోరీ మొదలైన పోకర్ ఆటగాళ్లు కలిసి, తమ గెలుపులో కొంత భాగాన్ని బాగా పనిచేసే ధర్మసంస్థలకు ఇచ్చే ఏర్పాటు చేశారు. వారి మనసును నేను గౌరవిస్తాను. ఆ డబ్బుతో నయమైన రోగికి అది ఎక్కడినుంచి వచ్చిందన్నది ముఖ్యం కాదు. అయినా దానం మంచిది కావడం వల్ల సంపాదించిన పద్ధతి మంచిదైపోదు. పెద్ద పోటీలలో తమంతటి వారితో తలపడి గెలిచినవాడు ఇచ్చినదానికీ, కొట్టాయన గడియారంలోంచి వచ్చినదానికీ తేడా ఉంది.

స్టాక్ మార్కెట్ కూడా జూదమే కదా అన్నది మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట. కంపెనీ వాటాలు కొని ఏళ్ల తరబడి ఉంచుకునేవాడికి ఆ కంపెనీ తయారుచేసే వస్తువు, చేసే వ్యాపారం నుంచి లాభం వస్తుంది, అందరూ కలిసి లాభపడే అవకాశం అందులో ఉంది. వాటాల ధరలు ముందుముందు ఎటు కదులుతాయన్న అంచనా మీద చేసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాలలో రోజూ ఆడేవారి సంగతి మాత్రం పేకాటకు చాలా దగ్గరే. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో వాటిలో దిగిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని, వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం చెప్పింది. కాబట్టి ఈ వాదన ఆటగాడికి అనుకూలం కాదు. ఆ వ్యాపారాన్ని కూడా ఇదే కాగితం మీద పెట్టి చూడవలసి ఉందని మాత్రమే దానివల్ల తేలుతుంది.

ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తంలో ఒక జూదరి తన గోడు చెప్పుకుంటాడు. అత్త తనను అసహ్యించుకుంటున్నదని, భార్య దగ్గరికి రానివ్వడం లేదని అంటాడు. చివరకు అతనికి అందే సలహా, పాచికలు ఆడకు, పొలం దున్నుకో అన్నది. దానిలో పాపభీతి కన్నా లెక్క ఎక్కువ ఉందని నాకు అనిపిస్తుంది. దున్నితే లేని గింజ పుడుతుంది, పాచిక వేస్తే ఉన్న గింజ చేతులు మారుతుంది.

మూడు నెలలు పుస్తకం రాయండి

ఉద్యోగం వదిలే ముందు, చట్టం అనుమతించే ఆటలోనే, మూడు నెలలపాటు ఒక పుస్తకం రాయండి. ఎంత గెలిచారన్నది రాసుకోవడం మీకు అలవాటే అయి ఉంటుంది, దానికి తోడు మరో మూడు వరుసలు గీయండి. మొదటిదానిలో ఆట పెట్టినవాడికి పోయిన వాటా రాయండి. రెండవదానిలో ఆ రోజు మీ గెలుపు ఏ మనిషి దగ్గరినుంచి వచ్చిందో రాయండి. మూడవదానిలో పైన చెప్పిన మూడు సంగతులలో అతని గురించి మీకు తెలిసినవి రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి, తెలియదన్న మాట ఎన్నిసార్లు పడిందో తరువాత లెక్కపెట్టుకోవచ్చు. పుస్తకాన్ని ఇంట్లో ఒకరికి చూపిస్తూ ఉండండి. చూపించడానికి మనసు ఒప్పని రోజు వస్తే ఆ తేదీ కింద గీత గీయండి.

మూడు నెలల తరువాత, మీ మొత్తం గెలుపులోంచి, తెలిసి, భరించగలిగి, మానుకోగలిగిన మనుషుల దగ్గరినుంచి వచ్చినదానిని మాత్రమే ఉంచి తక్కినది కొట్టివేయండి. మిగిలిన అంకెతో ఇల్లు గడుస్తుందేమో చూడండి. నా క్లబ్బు పుస్తకంలో ఆ ముగ్గురికీ ఇదే లెక్క వేసి చూశాను. నిజాయతీగా ఉంచగలిగిన అంకె ఒక్కరికి కూడా నెల కరెంటు బిల్లు కట్టడానికి సరిపోయేది కాదు. పుస్తకం రాస్తుండగా మీ పేరే నష్టపోయేవారి వరుసలోకి చేరుతున్నదని, ఆపుకోలేకపోతున్నారని గమనిస్తే, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బల్ల దగ్గర కొట్టాయన వంటి మనిషి కనిపించినప్పుడు ఏమి చేయాలన్నది కూడా చెప్పాలి. క్లబ్బులో నా చివరి నెలలో ఆయన మళ్లీ గడియారం విప్పుతుండగా, "బాబాయ్ గారూ, ఇవాళ టోకెన్లు ఇవ్వను, రేపు పగలు దుకాణంలో మాట్లాడుకుందాం" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, బల్ల దగ్గర ఉన్నవారికి ఇంకా ఎక్కువ వచ్చింది. మరునాడు దుకాణానికి వెళ్లి, రెండేళ్ల పుస్తకంలో ఆయన పేరు ఎదుట పడిన అంకెలన్నీ ఒక కాగితం మీద కూడి ఆయన చేతికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు కూడి చూసుకుని, కాగితం మడిచి, అరువు ఖాతాల పుస్తకంలో మొదటి పేజీ దగ్గర పెట్టుకున్నాడు.